లింకర్ ఏ సెక్షన్‌ని ఏ సెగ్మెంట్‌లో పెట్టిందో చూడటం, మార్చుకోవడం ఎలా

ప్రోగ్రాం కంపైల్ అవుతుంది, లింక్ అవుతుంది, నడుస్తుంది. మధ్యలో లింకర్, అంటే కంపైల్ అయిన ముక్కలను కలిపి ఒక్క ప్రోగ్రాం చేసే టూల్, ఏం చేసిందో చూడాల్సిన పని చాలామందికి పడదు. పడే రోజు మాత్రం ఒకటి వస్తుంది. లింక్ చేస్తుంటే లోడ్ సెగ్మెంట్‌కి ఆర్‌డబ్ల్యూఎక్స్ పర్మిషన్లు, అంటే చదవడం, రాయడం, అమలు చేయడం మూడూ, ఉన్నాయని వార్నింగ్ వస్తుంది. లేదా మైక్రోకంట్రోలర్‌లో 5 అని ఇనిషియలైజ్ చేసిన వేరియబుల్‌లో ఏదో చెత్త విలువ కనిపిస్తుంది. లేదా నిన్నటిదాకా 20 కేబీ కూడా లేని ఫైల్ ఇవాళ మెగాబైట్ దాటిపోతుంది. వీటన్నిటికీ జవాబు ఒక్క చోటే ఉంది: ఏ సెక్షన్ ఏ సెగ్మెంట్‌లోకి వెళ్లింది, ఎందుకు వెళ్లింది.

ఇక్కడ చెప్పేదంతా లినక్స్‌లో ప్రోగ్రాంలు ఉండే ఈఎల్ఎఫ్ ఫార్మాట్ ఫైళ్ల గురించి, గ్నూ లింకర్ ఎల్‌డీ గురించి. ఎల్ఎల్‌వీఎం వాళ్ల లింకర్ ఎల్ఎల్‌డీ వాడేవాళ్లకీ చాలావరకు ఇదే పనికొస్తుంది. కమాండ్లనీ సెక్షన్ పేర్లనీ పలికినట్టే తెలుగులో రాశాను, టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీషులోనే కొట్టండి.

మొదలుపెట్టే ముందు ఒక విషయం. కోడ్, డేటా లాంటి ఒక్కో రకం బైట్ల ముక్కను సెక్షన్ అంటారు, ఒకే పర్మిషన్లతో కలిసి మెమరీలోకి ఎక్కే భాగాన్ని లోడ్ సెగ్మెంట్ అంటారు. ఈఎల్ఎఫ్ ఫైల్‌లో రెండు పట్టికలు ఉంటాయి. సెక్షన్ హెడర్ టేబుల్ లింకర్‌కీ డీబగ్గర్‌కీ కావాలి. ప్రోగ్రాం హెడర్ టేబుల్, అంటే సెగ్మెంట్ల పట్టిక, ప్రోగ్రాంని మెమరీలోకి ఎక్కించే కెర్నెల్‌కి కావాలి. రెండూ మాట్లాడేది అవే బైట్ల గురించి, కాకపోతే చూసే కోణం వేరు. కెర్నెల్‌కి సెక్షన్ల ఊసే అక్కర్లేదు. నమ్మకం కుదరకపోతే ఇలాంటి ఫైళ్లను మార్చి రాసే ఎల్ఎల్‌వీఎం ఆబ్జ్‌కాపీ టూల్‌కి స్ట్రిప్ సెక్షన్స్ ఆప్షన్ ఇచ్చి, సెక్షన్ల పట్టికను మొత్తం పీకేసి ప్రోగ్రాంని నడిపి చూడండి. ఎప్పటిలాగే నడుస్తుంది.

1. ముందు ఆబ్జెక్ట్ ఫైల్‌ని చూడండి

చిన్న సి ఫైల్ ఒకటి రాసుకోండి. అందులో నాలుగు ఉంటే చాలు: ఒక మెయిన్ ఫంక్షన్, 5 విలువ ఇచ్చిన ఒక గ్లోబల్ ఇంటీజర్, కాన్‌స్ట్ అని రాసిన ఒక గ్లోబల్ పట్టిక, ఏ విలువా ఇవ్వని 1 ఎంబీ గ్లోబల్ బఫర్. జీసీసీకి మైనస్ సి ఆప్షన్ ఇచ్చి ఆబ్జెక్ట్ ఫైల్ వరకే తయారు చేయండి. దాని మీద, ఈఎల్ఎఫ్ ఫైల్‌లో ఏముందో చూపించే రీడ్‌ఎల్ఫ్‌ని పెద్ద ఎస్, పెద్ద డబ్ల్యూ ఆప్షన్లతో నడపండి. వచ్చిన జాబితాలో మనకు కావాల్సిన వరసలు ఇవి:

.టెక్స్ట్ : ప్రోగ్‌బిట్స్ : ఏఎక్స్
.డేటా : ప్రోగ్‌బిట్స్ : డబ్ల్యూఏ
.బీఎస్ఎస్ : నోబిట్స్ : డబ్ల్యూఏ
.రోడేటా : ప్రోగ్‌బిట్స్ : ఏ
.కామెంట్ : ప్రోగ్‌బిట్స్ : ఎంఎస్

ప్రోగ్‌బిట్స్ అంటే ఫైల్‌లో బైట్లున్న సెక్షన్, నోబిట్స్ అంటే ఫైల్‌లో బైట్లు లేని సెక్షన్. చివరి కాలమ్‌లో ఉన్న అక్షరాలే ఫ్లాగులు. 'ఏ' అంటే ప్రోగ్రాం నడిచేటప్పుడు ఈ సెక్షన్‌కి మెమరీలో చోటు కావాలని. డబ్ల్యూ అంటే అందులో రాయొచ్చని, ఎక్స్ అంటే అందులో ఉన్నది కోడ్ అని. 'ఏ' ఫ్లాగ్ లేని సెక్షన్ లోడ్ సెగ్మెంట్‌లోకి రాదు. .కామెంట్, సింబల్ టేబుల్, డీబగ్ సమాచారం అంతా ఈ కోవలోవే. డీబగ్ సమాచారంతో ఫైల్ ఎంత లావెక్కినా మెమరీలో ప్రోగ్రాం సైజు పెరగకపోవడానికి కారణం ఇదే.

ఈ జాబితాలో అడ్రస్ కాలమ్ కూడా చూడండి, అన్నీ సున్నాలే. ఇంకా ఎవరికీ చోటు కేటాయించలేదు. అదే ఫైల్ మీద రీడ్‌ఎల్ఫ్‌ని చిన్న ఎల్ ఆప్షన్‌తో నడిపితే, ఈ ఫైల్‌లో ప్రోగ్రాం హెడర్లు లేవు అంటుంది. సెగ్మెంట్లు పుట్టేది లింక్ చేసినప్పుడే.

2. పేర్ల పని ఎక్కడ అయిపోతుందో గమనించండి

చాలామంది తికమకపడేది ఇక్కడే. లింకర్ పని రెండు దశల్లో జరుగుతుంది. మొదటి దశలో రకరకాల ఆబ్జెక్ట్ ఫైళ్ల నుంచి వచ్చిన ఇన్‌పుట్ సెక్షన్లను కలిపి అవుట్‌పుట్ సెక్షన్లు చేస్తుంది. ఇది పేరును బట్టి జరుగుతుంది. రెండో దశలో ఆ అవుట్‌పుట్ సెక్షన్లను సెగ్మెంట్లలో సర్దుతుంది. ఇక్కడ పేరుతో పనిలేదు. ఫ్లాగులు, అడ్రస్‌ల వరస చూస్తుంది. .రోడేటా అని పేరు పెట్టినంత మాత్రాన అది రీడ్ ఓన్లీ సెగ్మెంట్‌కి వెళ్లదు. దాని ఫ్లాగుల్లో డబ్ల్యూ లేదు కాబట్టి వెళుతుంది.

మొదటి దశను కళ్లారా చూడాలంటే ఎల్‌డీకి వెర్బోస్ ఆప్షన్ ఇవ్వండి. మనం ఏమీ చెప్పకపోయినా లింకర్ వాడే డిఫాల్ట్ లింకర్ స్క్రిప్ట్ మొత్తం తెర మీద పడుతుంది. .టెక్స్ట్ అనే అవుట్‌పుట్ సెక్షన్‌లోకి .టెక్స్ట్‌తో పాటు .టెక్స్ట్.హాట్, .టెక్స్ట్.స్టార్టప్ లాంటివి ఏ వరసలో రావాలో అందులో రాసి ఉంటుంది. ఆప్టిమైజేషన్ పెట్టి కంపైల్ చేస్తే జీసీసీ మెయిన్ ఫంక్షన్‌ని .టెక్స్ట్.స్టార్టప్‌లో పెడుతుంది. మెయిన్ మిగతా ఫంక్షన్లకు దూరంగా ఎందుకుందా అని ఎప్పుడైనా అనిపించి ఉంటే కారణం ఇదే.

మీ ప్రోగ్రాంలో ఏ ముక్క ఏ ఫైల్ నుంచి వచ్చి ఎక్కడ కూర్చుందో కావాలంటే, లింక్ చేసేటప్పుడు మ్యాప్ ఆప్షన్‌తో మ్యాప్ ఫైల్ రాయించుకోండి. మొదటిసారి తెరిస్తే అంతా గజిబిజిగా ఉంటుంది. మొత్తం చదవక్కర్లేదు, మీకు కావాల్సిన సింబల్ పేరు వెతికి దాని చుట్టుపక్కల పది లైన్లు చూడండి, సరిపోతుంది.

3. సెగ్మెంట్ల పట్టిక చదవండి

ఇప్పుడు పూర్తిగా లింక్ చేసి, రీడ్‌ఎల్ఫ్‌ని చిన్న ఎల్, పెద్ద డబ్ల్యూ ఆప్షన్లతో నడపండి. రెండు భాగాలు వస్తాయి. పైన సెగ్మెంట్ల పట్టిక, కింద ఏ సెగ్మెంట్‌లో ఏ సెక్షన్లు ఉన్నాయో జాబితా. డబ్ల్యూ ఆప్షన్ మరిచిపోతే ఒక్కో సెగ్మెంట్ రెండు లైన్లుగా విరిగి చదవడం కష్టమవుతుంది.

ఎక్స్86 64 బిట్ లినక్స్‌లో ఇప్పటి టూల్‌చెయిన్‌తో మామూలుగా నాలుగు లోడ్ సెగ్మెంట్లు కనిపిస్తాయి ('ఆర్' చదవడానికి, 'డబ్ల్యూ' రాయడానికి, 'ఈ' అమలుకి):

మొదటిది, ఆర్: ఈఎల్ఎఫ్ హెడర్, .ఇంటర్ప్, డైనమిక్ సింబల్ పట్టికలు, రీలొకేషన్లు
రెండోది, ఆర్ఈ: .ఇనిట్, .పీఎల్‌టీ, .టెక్స్ట్, .ఫినీ
మూడోది, ఆర్: .రోడేటా, .ఈహెచ్ ఫ్రేమ్
నాలుగోది, ఆర్‌డబ్ల్యూ: .ఇనిట్ అర్రే, .డైనమిక్, .జీఓటీ, .డేటా, .బీఎస్ఎస్

2018లో వచ్చిన బైన్‌యుటిల్స్ (గ్నూ లింకర్ ఉండే ప్యాకేజీ) 2.31 నుంచి ఈ నాలుగు సెగ్మెంట్ల పద్ధతి ఎక్స్86 లినక్స్‌లో డిఫాల్ట్ అయింది. అంతకుముందు రెండే ఉండేవి: ఒకటి చదివి అమలు చేయడానికి, ఇంకోటి చదివి రాయడానికి. అంటే .రోడేటాలో ఉన్న స్ట్రింగులు కూడా అమలు చేయగలిగే పేజీల్లోనే ఉండేవి. దాడి చేసేవాళ్లు ఆ బైట్లలో పనికొచ్చే ఇన్‌స్ట్రక్షన్లు వెతుక్కోవడానికి అది సందు ఇచ్చేది. పాత పద్ధతే కావాలంటే మైనస్ జెడ్ నోసెపరేట్ కోడ్ అని లింకర్‌కి చెప్పొచ్చు. చిన్న ప్రోగ్రాం అయితే పేజీల మధ్య నింపే సున్నాలు తగ్గి ఫైల్ సైజు గణనీయంగా పడిపోతుంది. డిస్క్ మరీ ఇరుకైన డివైజ్ అయితే తప్ప ఆ పని చేయమని నేను చెప్పను.

పట్టికలో లోడ్ కాకుండా ఇంకొన్ని రకాలు ఉంటాయి: పీహెచ్‌డీఆర్, ఇంటర్ప్, డైనమిక్, నోట్, టీఎల్ఎస్, గ్నూ రెల్రో, గ్నూ స్టాక్. వీటిని చూసి కంగారు పడకండి. ఇంటర్ప్, డైనమిక్, రెల్రో లాంటివి లోడ్ సెగ్మెంట్లలో అప్పటికే ఉన్న బైట్లనే మళ్లీ చూపిస్తాయి. కాబట్టి కింది జాబితాలో ఒకే సెక్షన్ రెండు మూడు సెగ్మెంట్లలో కనిపిస్తే అది పొరపాటు కాదు. మెమరీలోకి నిజంగా ఎక్కేది మాత్రం లోడ్ అని రాసి ఉన్నవే.

4. గీత ఎక్కడ పడుతుందో తెలుసుకోండి

సెగ్మెంట్లు ఎందుకు కావాలంటే, ప్రాసెసర్ పర్మిషన్లు ఇచ్చేది బైట్‌కి కాదు, సెక్షన్‌కీ కాదు, పేజీకి. ఎక్స్86లో పేజీ అంటే మామూలుగా 4096 బైట్లు. కాబట్టి ఒకే పర్మిషన్లు కావాల్సిన సెక్షన్లన్నీ పక్కపక్కన చేర్చి, పర్మిషన్ మారిన చోట కొత్త పేజీ మొదలుపెట్టాలి.

గ్నూ లింకర్ అవుట్‌పుట్ సెక్షన్లను అడ్రస్ వరసలో పెట్టుకుని ఒక్కొక్కటే చూస్తూ పోతుంది. వీలైనంతవరకు తర్వాతి సెక్షన్‌ని ప్రస్తుత సెగ్మెంట్‌లోనే కలిపేస్తుంది. కింది వాటిలో ఏదైనా ఎదురైతే మాత్రం కొత్త సెగ్మెంట్ తెరుస్తుంది:

- రాయడానికి వీల్లేని సెగ్మెంట్ నడుస్తుండగా డబ్ల్యూ ఫ్లాగున్న సెక్షన్ వస్తే.
- కోడ్‌ని వేరుగా ఉంచమన్నప్పుడు, కోడ్ నుంచి డేటాకో డేటా నుంచి కోడ్‌కో మారితే.
- నోబిట్స్ సెక్షన్ తర్వాత, ఫైల్‌లో బైట్లున్న సెక్షన్ వస్తే.
- రెండు సెక్షన్ల మధ్య ఖాళీ ఒక పేజీ కంటే ఎక్కువ ఉంటే.
- సెక్షన్ నడిచే అడ్రస్‌కీ దాన్ని లోడ్ చేసే అడ్రస్‌కీ ఉన్న తేడా ముందు సెక్షన్‌తో పోలిస్తే మారితే. ఇది మైక్రోకంట్రోలర్ల సంగతి, తర్వాత వస్తాను.

మొదటి నియమాన్ని ఇంకోసారి చదవండి. రీడ్ ఓన్లీ నుంచి రైటబుల్‌కి మారితే గీత పడుతుంది. రైటబుల్ నుంచి రీడ్ ఓన్లీకి మారితే ఆ నియమం వర్తించదు. మీ సొంత లింకర్ స్క్రిప్ట్‌లో .డేటా వెనకాల ఒక రీడ్ ఓన్లీ సెక్షన్ పెట్టారనుకోండి, అది నిశ్శబ్దంగా ఆర్‌డబ్ల్యూ సెగ్మెంట్‌లో చేరిపోతుంది. వార్నింగ్ రాదు, ప్రోగ్రాం నడుస్తుంది, కాకపోతే ఆ డేటాకి రక్షణ ఉండదు. స్క్రిప్ట్ రాసేటప్పుడు రీడ్ ఓన్లీవన్నీ ముందు, రైటబుల్‌వన్నీ వెనక, .బీఎస్ఎస్ అన్నిటికంటే చివర అనే వరస పాటించమనేది ఇందుకే.

5. ఆఫ్‌సెట్, అడ్రస్ లెక్క సరిచూడండి

ప్రతి లోడ్ సెగ్మెంట్‌కీ ఒక షరతు ఉంది. ఫైల్‌లో అది మొదలయ్యే ఆఫ్‌సెట్‌నీ మెమరీలో మొదలయ్యే వర్చువల్ అడ్రస్‌నీ అలైన్ విలువతో భాగిస్తే ఒకే శేషం రావాలి. ఫైల్‌లోని పేజీని ఉన్నది ఉన్నట్టుగా మెమరీ పేజీకి మ్యాప్ చేస్తారు కాబట్టి, పేజీలో ఎక్కడ మొదలైందో రెండు చోట్లా ఒకటే అయి ఉండాలి.

ఒక మామూలు హలో ప్రోగ్రాంలో నాలుగో లోడ్ సెగ్మెంట్ తీసుకుందాం. రీడ్‌ఎల్ఫ్ అంకెలు హెక్స్‌లో చూపిస్తుంది, లెక్క చేసుకోవడానికి వీలుగా డెసిమల్‌లోకి మార్చాను. ఆఫ్‌సెట్ 11704, వర్చువల్ అడ్రస్ 15800, అలైన్ 4096. రెండింటినీ 4096తో భాగిస్తే శేషం 3512. షరతు సరిపోయింది.

అది సరే, పేజీ మొదట్లో మొదలుకాకుండా 3512 అనే వింత చోట ఎందుకు మొదలైంది? రెల్రో వల్ల. .ఇనిట్ అర్రే, .డైనమిక్, .జీఓటీ లాంటి వాటిలో డైనమిక్ లోడర్ మొదట్లో అడ్రస్‌లు నింపాలి, ఆ తర్వాత ఇంకెవరూ ముట్టుకోకూడదు. అందుకని నింపడం అయ్యాక లోడర్ ఆ భాగాన్ని రీడ్ ఓన్లీ చేసేస్తుంది. పర్మిషన్ పేజీకే కాబట్టి ఆ భాగం సరిగ్గా పేజీ చివర ముగియాలి. పై ప్రోగ్రాంలో గ్నూ రెల్రో సైజు 584. 15800కి 584 కలిపి చూడండి, 16384 వస్తుంది, అంటే సరిగ్గా నాలుగు పేజీలు. లింకర్ చివరను పేజీ అంచుకి ఆనించి, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసి మొదలును నిర్ణయించింది. .డేటా 16384 దగ్గర కొత్త పేజీలో మొదలవుతుంది.

అలైన్ విలువ ఎప్పుడూ 4096 ఉండదు. ఆర్మ్ 64 బిట్ లినక్స్‌కి గ్నూ లింకర్ 65536 పెడుతుంది, ఎందుకంటే అక్కడ కెర్నెల్ 4, 16, 64 కేబీల్లో ఏ పేజీ సైజుతోనైనా నడవొచ్చు. ఆండ్రాయిడ్‌కి సి లేదా సి++ లైబ్రరీలు తయారుచేసేవాళ్లకి ఇది ఇప్పుడు బాగా తగులుతున్న విషయం. ఆండ్రాయిడ్ 15 నుంచి 16 కేబీ పేజీల డివైజ్‌లకి సపోర్ట్ వచ్చింది, 2025 నవంబర్ 1 నుంచి గూగుల్ ప్లే దాన్ని తప్పనిసరి చేస్తూ వచ్చింది. మీ లైబ్రరీలో ప్రతి లోడ్ సెగ్మెంట్ అలైన్ కనీసం 16384 ఉందో లేదో చూసుకోండి. ఇలాంటి లైబ్రరీలకి గూగుల్ ఇచ్చే టూల్‌చెయిన్ ఎన్‌డీకేలో ఆర్28 నుంచి ఇది డిఫాల్ట్. పాతది వాడుతుంటే లింకర్‌కి మైనస్ జెడ్ మ్యాక్స్ పేజ్ సైజ్ 16384 అని చెప్పాలి.

6. ఫైల్‌సైజ్, మెమ్‌సైజ్ తేడా చూడండి

అదే నాలుగో సెగ్మెంట్‌లో ఫైల్‌సైజ్ 600, మెమ్‌సైజ్ 608. ఆ 8 బైట్ల తేడాయే .బీఎస్ఎస్. విలువ ఇవ్వని గ్లోబల్స్ సున్నాతో మొదలవ్వాలి, ఆ సున్నాలను ఫైల్‌లో మోసుకురావడం దండగ. సైజు ఒక్కటి చెబితే కెర్నెల్ సున్నాల పేజీలు ఇస్తుంది.

మన 1 ఎంబీ బఫర్ ఉన్న ప్రోగ్రాంలో మెమ్‌సైజ్ 10 లక్షల బైట్లు దాటుతుంది, ఫైల్‌సైజ్ మాత్రం 600 చుట్టుపక్కలే ఉంటుంది. ఇప్పుడు ఆ బఫర్ మొదటి ఎలిమెంట్‌కి 1 అని విలువ ఇచ్చి మళ్లీ కంపైల్ చేయండి. బఫర్ మొత్తం .డేటాకి మారిపోతుంది, ఫైల్ ఒక్కసారిగా 1 ఎంబీ పెరుగుతుంది. ఆ ఒక్క 1 కోసం దాని వెనక ఉన్న సున్నాలన్నీ ఫైల్‌లోకి ఎక్కాయి. విలువ 1 కాకుండా 0 ఇస్తే జీసీసీ తెలివిగా .బీఎస్ఎస్‌లోనే ఉంచుతుంది. ఫైల్ హఠాత్తుగా లావెక్కితే మొదట అనుమానించాల్సింది ఇలాంటి పెద్ద పట్టికనే. మొదటి విలువను మెయిన్‌లో అసైన్ చేస్తే సమస్య తీరిపోతుంది.

ప్రోగ్రాం నడుస్తుండగా కూడా ఒకసారి చూడండి. ప్రాక్ ఫోల్డర్‌లో మీ ప్రాసెస్ నంబర్ కింద మ్యాప్స్ అనే ఫైల్ ఉంటుంది. లోడ్ సెగ్మెంట్లు నాలుగైతే మీ ప్రోగ్రాం పేరుతో అక్కడ మామూలుగా ఐదు లైన్లు కనిపిస్తాయి. ఆ ఐదోది రెల్రో పుణ్యమే: ఆర్‌డబ్ల్యూ సెగ్మెంట్‌ని లోడర్ రెండుగా చీల్చి మొదటి ముక్కను రీడ్ ఓన్లీ చేసింది. పెద్ద .బీఎస్ఎస్ ఉంటే దాని కింద ఏ ఫైల్ పేరూ లేని ఇంకో ఆర్‌డబ్ల్యూ లైన్ ఉంటుంది.

7. సొంత సెక్షన్ పెట్టి చూడండి

జీసీసీలో ఒక వేరియబుల్‌కి సెక్షన్ అట్రిబ్యూట్ ఇచ్చి .కాన్ఫిగ్ అని పేరు పెట్టండి. లింకర్ స్క్రిప్ట్‌లో ఈ పేరు ఎక్కడా లేదు. ఇలాంటి దాన్ని ఆర్ఫన్ సెక్షన్ అంటారు. లింకర్ దాన్ని పారేయదు, అవే ఫ్లాగులున్న సెక్షన్ల వెనకాల చేరుస్తుంది. వేరియబుల్ కాన్‌స్ట్ అయితే .కాన్ఫిగ్‌కి 'ఏ' ఫ్లాగ్ ఒక్కటే ఉంటుంది, రీడ్ ఓన్లీ సెగ్మెంట్‌కి వెళుతుంది. కాన్‌స్ట్ తీసేసి మళ్లీ లింక్ చేయండి, అదే పేరుతో ఆర్‌డబ్ల్యూ సెగ్మెంట్‌లో తేలుతుంది.

ఇప్పుడు రెండు ఫైళ్లు పెట్టి చూడండి. ఒకదానిలో .కాన్ఫిగ్‌లో కాన్‌స్ట్ వేరియబుల్, ఇంకోదానిలో అదే .కాన్ఫిగ్‌లో మామూలు వేరియబుల్. ఒకే ఫైల్‌లో ఇలా చేస్తే జీసీసీ సెక్షన్ టైప్ కాన్‌ఫ్లిక్ట్ అని ఎర్రర్ ఇస్తుంది. వేర్వేరు ఫైళ్లయితే కంపైలర్‌కి తెలిసే దారి లేదు. లింకర్ రెండింటినీ కలిపేస్తుంది, అవుట్‌పుట్ సెక్షన్‌కి డబ్ల్యూ ఫ్లాగ్ వచ్చేస్తుంది. మీ కాన్‌స్ట్ డేటా కాస్తా రాయగలిగే మెమరీలో కూర్చుంటుంది, ఎవరూ ఏమీ అనరు. పెద్ద ప్రాజెక్టుల్లో ఇది ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదు. కాన్‌స్ట్ వాటికి, మిగతా వాటికి సెక్షన్ పేర్లు వేరుగా పెట్టుకోవడమే దీనికి మందు.

ఇంకో రెండు ముక్కలు. సెక్షన్ పేరులో డాట్ లేకుండా, సి వేరియబుల్ పేరుగా చెల్లేలా పెడితే, దాని మొదలు, చివర అడ్రస్‌లు చెప్పే స్టార్ట్, స్టాప్ సింబల్స్ లింకర్ తనే ఇస్తుంది. ప్లగిన్ల పట్టికలు, టెస్టుల జాబితాలు తయారుచేసుకోవడానికి ఇది చక్కగా పనికొస్తుంది. రెండోది, సొంత స్క్రిప్ట్ వాడుతుంటే ఆర్ఫన్ హ్యాండ్లింగ్ ఆప్షన్‌కి వార్న్ అని ఇవ్వండి. మీరు మరిచిపోయిన సెక్షన్ ప్రతిదీ అప్పుడు పేరుతో సహా బయటికొస్తుంది.

8. సెగ్మెంట్లను మీరే నిర్ణయించాలంటే

లింకర్ స్క్రిప్ట్‌లో పీహెచ్‌డీఆర్ఎస్ అనే బ్లాక్ రాయొచ్చు. అది రాశారంటే డిఫాల్ట్ సెగ్మెంట్లు ఒక్కటీ రావు, బాధ్యతంతా మీదే. బ్లాక్‌లో ఒక్కో లైన్‌కి ఒక పేరు, రకం, కావాలంటే ఫ్లాగులు. ఉదాహరణకి కోడ్ అనే పేరుతో పీటీ లోడ్ రకం, ఫ్లాగులు 5. రోడేటాకి 4, డేటాకి 6. ఇవి సీహెచ్‌మోడ్‌లో వాడే అంకెలే: చదవడానికి 4, రాయడానికి 2, అమలుకి 1. సెక్షన్ హెడర్‌లో దాచే విలువలు మాత్రం వేరు. అక్కడ రాయడానికి 1, మెమరీలో చోటుకి 2, అమలుకి 4. హెక్స్ డంప్ చదివేటప్పుడు ఈ రెండూ కలగాపులగం చేసుకోకండి.

తర్వాత సెక్షన్స్ బ్లాక్‌లో ప్రతి అవుట్‌పుట్ సెక్షన్ బ్రేస్ మూసిన వెంటనే కోలన్ పెట్టి సెగ్మెంట్ పేరు రాయాలి. ఒక్కసారి రాస్తే మళ్లీ మార్చేదాకా తర్వాతి సెక్షన్లన్నీ అందులోకే పోతాయి. చిక్కు వచ్చేది .ఇంటర్ప్ దగ్గర. దానికి రెండు సెగ్మెంట్లు ఇవ్వాలి, ఒక లోడ్, ఒక ఇంటర్ప్. దాని తర్వాతి సెక్షన్‌కి మళ్లీ లోడ్ పేరు ఒక్కటే రాయకపోతే, అది కూడా ఇంటర్ప్‌లోకి దూరుతుంది. అప్పుడు ప్రోగ్రాం నడపబోతే ఇంటర్ప్రెటర్ పాత్ చెడిపోయి ఎర్రర్ వస్తుంది, మీరేమో ఫైల్ పర్మిషన్లు వెతుక్కుంటూ కూర్చుంటారు.

ప్రోగ్రాం హెడర్లకు చోటు చాలలేదని ఎర్రర్ వస్తే, మొదటి సెక్షన్ అడ్రస్‌కి ముందు హెడర్ల సైజు వదల్లేదన్నమాట. మొదలు అడ్రస్‌కి సైజాఫ్ హెడర్స్ కలిపి ఇవ్వండి. 'ఏ' ఫ్లాగున్న సెక్షన్ ఒక్క సెగ్మెంట్‌లోనూ లేదని వార్నింగ్ వస్తే మాత్రం వదిలేయకండి. ఆ సెక్షన్ మెమరీలోకి రాదు, దాన్ని ముట్టుకున్న క్షణాన ప్రోగ్రాం పడిపోతుంది.

9. మైక్రోకంట్రోలర్ అయితే

ఇక్కడ కెర్నెల్ లేదు, వర్చువల్ మెమరీ లేదు. ఎస్‌టీఎం32ఎఫ్103సీ8 చిప్ తీసుకోండి. ఫ్లాష్ 64 కేబీ, హెక్స్ 08000000 దగ్గర మొదలవుతుంది. ర్యామ్ 20 కేబీ, హెక్స్ 20000000 దగ్గర. స్క్రిప్ట్‌లోని మెమరీ బ్లాక్‌లో ఈ రెండు ప్రాంతాలు రాసి, .టెక్స్ట్, .రోడేటా ఫ్లాష్‌కి, .బీఎస్ఎస్ ర్యామ్‌కి పంపడంలో ఇబ్బందేమీ లేదు.

కష్టమంతా .డేటాతోనే. ప్రోగ్రాం దాన్ని ర్యామ్‌లో వాడుకోవాలి, కానీ పవర్ పోతే ర్యామ్‌లో ఏమీ మిగలదు కాబట్టి మొదటి విలువలు ఫ్లాష్‌లో ఉండాలి. అంటే ఒకే సెక్షన్‌కి రెండు అడ్రస్‌లు. నడిచే చోటును వీఎంఏ అంటారు, దాచిన చోటును ఎల్ఎంఏ అంటారు. స్క్రిప్ట్‌లో ర్యామ్‌కి పంపుతూ పక్కనే ఏటీ గుర్తుతో ఫ్లాష్ పేరు రాస్తే ఈ రెండూ వస్తాయి. రీడ్‌ఎల్ఫ్ పట్టికలో వర్చువల్ అడ్రస్ 20000000తోనూ ఫిజికల్ అడ్రస్ 08 తోనూ మొదలవ్వాలి. ఇక్కడ రెండు అడ్రస్‌ల మధ్య తేడా మారింది కాబట్టి, నాలుగో దశలో చెప్పిన చివరి నియమం ప్రకారం .డేటాకి కొత్త సెగ్మెంట్ వస్తుంది.

లింకర్ పని అంతవరకే. ఫ్లాష్ నుంచి ర్యామ్‌కి కాపీ చేయాల్సింది మీ స్టార్టప్ కోడ్, మెయిన్ మొదలయ్యేలోపు. స్క్రిప్ట్‌లో లోడ్ అడ్రస్ ఇచ్చే లోడ్‌యాడర్ ఫంక్షన్‌తో ఎల్ఎంఏ పట్టుకుని, .డేటా మొదలు, చివర సింబల్స్ పెట్టుకుని ఒక లూప్ రాస్తారు. 5 ఇచ్చిన వేరియబుల్‌లో చెత్త కనిపిస్తే ఈ లూప్ లేదు, లేదా దాని సింబల్స్ తప్పు. .బీఎస్ఎస్‌ని సున్నా చేసే లూప్ కూడా అక్కడే ఉండాలి, ఆ పని చేయడానికి ఇక్కడ కెర్నెల్ లేదు.

ఏటీ రాయడం మరిచిపోతే ఏమవుతుందో చూడటానికి తమాషాగా ఉంటుంది. ఆబ్జ్‌కాపీతో బైనరీ ఫైల్ తీయండి, 384 ఎంబీ ఫైల్ వస్తుంది. 64 కేబీ చిప్‌కి! 08000000 నుంచి 20000000 దాకా ఉన్న ఖాళీనంతా ఆబ్జ్‌కాపీ సున్నాలతో నింపేసింది. బైనరీ సైజు ఇలా వందల ఎంబీల్లో వస్తే వెంటనే .డేటా ఎల్ఎంఏ చూడండి.

ఇక ఆర్‌డబ్ల్యూఎక్స్ వార్నింగ్. 2022లో బైన్‌యుటిల్స్ 2.39 నుంచి ఇది డిఫాల్ట్‌గా వస్తోంది, పాత ప్రాజెక్టుని కొత్త టూల్‌చెయిన్‌కి మార్చగానే కనిపించేది ఇందుకే. కారణం మామూలుగా రెండింటిలో ఒకటి. వేగం కోసం ర్యామ్‌లో నడిపే ఫంక్షన్లను .డేటాలో కలిపేయడం ఒకటి. ఫ్లాష్‌లో .టెక్స్ట్ పక్కనే పెట్టిన .ఇనిట్ అర్రే లాంటి సెక్షన్లకు డబ్ల్యూ ఫ్లాగ్ ఉండటం ఇంకోటి. మొదటిదానికి ఆ ఫంక్షన్లకు వేరే సెక్షన్, పీహెచ్‌డీఆర్ఎస్‌లో వేరే సెగ్మెంట్ ఇవ్వండి. రెండోదానికి స్క్రిప్ట్‌లో ఆ సెక్షన్ పేరు పక్కన రీడ్‌ఓన్లీ అని రాయొచ్చు, కొత్త లింకర్లకు అర్థమవుతుంది. మెమరీ రక్షణ వాడని చిన్న చిప్ మీద ఈ వార్నింగ్ వల్ల నష్టమేమీ లేదు, నో వార్న్ ఆప్షన్‌తో నోరు మూయించినా ఫరవాలేదు. లినక్స్ ప్రోగ్రాంలో వస్తే మాత్రం అలా చేయకండి. రాయగలిగి, అమలు చేయగలిగే మెమరీ ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టాల్సిందే.

దీంతోపాటే గ్నూ స్టాక్ నోట్ సెక్షన్ లేదని ఇంకో వార్నింగ్ వస్తుంటే, చేత్తో రాసిన అసెంబ్లీ ఫైల్ ఏదో లింక్‌లో ఉందని అర్థం. అది లేకపోతే ఎక్స్86 లినక్స్‌లో లింకర్ స్టాక్‌ని కూడా ఎక్జిక్యూటబుల్ చేసేస్తుంది. వార్నింగ్‌లో ఫైల్ పేరు ఉంటుంది. దాని చివర .నోట్.గ్నూ-స్టాక్ అనే ఖాళీ సెక్షన్ ఒకటి ప్రకటించి మళ్లీ లింక్ చేసి, పట్టికలో గ్నూ స్టాక్ లైన్ చూడండి. అక్కడ ఆర్‌డబ్ల్యూ మాత్రమే మిగిలి, చివరన ఉన్న 'ఈ' పోవాలి.